వాసన చూడకూడని పువ్వు

పూజకు తెచ్చిన పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుంటే మా ఇంట్లో చేతి మీద దెబ్బ పడేది. దెబ్బంటే పెద్దదేమీ కాదు. పూలు కడుతున్న అమ్మ చేతిలోని తడి అరటినార చురుక్కుమనేది, అంతే. "దేవుడికి పెట్టేదాన్ని ముందే ఎంగిలి చేస్తావా?" అనేది. వాసన చూస్తే ఎంగిలి ఎలా అవుతుందో నాకు అంతుపట్టేది కాదు. పువ్వులో ఏం తగ్గింది? మల్లెమొగ్గ మల్లెమొగ్గలాగానే ఉందిగా! పదేళ్ళ పిల్లవాడి తర్కం అది. కాలేజీకి వచ్చాక అదే తర్కానికి కాస్త పెద్ద మాటలు తొడిగి, మూఢనమ్మకం అని కొట్టిపారేశాను.

యాభై దాటిన ఈ వయసులో, పువ్వును చూడడం నాకు నేర్పింది ఆ నార దెబ్బేనని వాదించడానికి కూర్చున్నాను. ముక్కుకు వద్దంటే కళ్ళకు పని పడింది. అమ్మ పక్కన కూర్చుని మొగ్గలు అందించడం నా వంతు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, తొడిమలు ఎదురెదురుగా పెట్టి, ఎడమచేతి వేళ్ళ మీదుగా నారను ఒక చుట్టు తిప్పి లాగితే ముడి పడిపోతుంది. ఆమె కళ్ళు ఆ చేతుల వైపు చూసేవి కావు. నాకేమో చూడడం తప్ప వేరే పని లేదు. అలా చూసి చూసి జాజిమొగ్గ వెలుపల పలచటి గులాబీ రంగు ఉంటుందని కనిపెట్టాను. గుండుమల్లె తొడిమ మీద సన్నటి ఆకుపచ్చ దారాలు నిలబడి ఉంటాయని, విచ్చబోయే మొగ్గలో రేకులు గొడుగు మడిచినట్టు ఒకే వైపుకు మెలి తిరిగి ఉంటాయని తెలిసింది. ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకోనిచ్చి ఉంటే వాసన పీల్చి పక్కన పడేసేవాడిని.

ఇప్పుడు నా ఫోనుకు రోజూ పొద్దున ఆరు గంటలకల్లా ఏడెనిమిది గులాబీలు దిగుతాయి. ప్రతి గులాబీ మీదా లెక్కపెట్టి అంటించినట్టు నీటి బొట్లు, కింద శుభోదయం, దాని కింద ఒక సూక్తి. ముళ్ళ మధ్య ఉన్నా గులాబీ నవ్వుతూనే ఉంటుంది, నువ్వూ నవ్వు అని. పంపేవాళ్ళు నా మంచి కోరేవాళ్ళే. వాళ్ళలో మా బావమరిది కూడా ఉన్నాడు కాబట్టి ఎక్కువ మాట్లాడలేను. అయినా ఒక్క మాట అనక తప్పదు. ఆ గులాబీని అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. ముల్లు గులాబీకి వచ్చిన కష్టం ఎలా అవుతుంది? పశువు మూతి పెట్టకుండా మొక్క వేసుకున్న కంచె అది. మన ఓదార్పు కోసం ఆ మొక్కను దుఃఖంలోకి నెట్టి, మళ్ళీ దాని చేత నవ్వించి, ఆ నవ్వును వాడుకుంటున్నాం. అమ్మ మాటల్లో చెప్పాలంటే ఇదే ఎంగిలి. పువ్వు ఎదుట పడకముందే మన అవసరాన్ని దాని నోట్లో కుక్కడం.

ప్రకృతిలోకి వెళ్తే మనసు కుదుటపడుతుందని ఇంకో మాట. సెలవు దొరికితే తలకోనకు వెళ్ళి, జలపాతానికి వీపు పెట్టి ఫొటో దిగి వస్తాం. నేనూ దిగాను. వీపు పెట్టి.

తిరుపతిలో ఉంటూ పువ్వు గురించి రాస్తే కొండ ఎక్కక తప్పదు. తిరుమలలో ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనన్నది అక్కడి ఆచారం. నా చిన్నప్పుడు కొండకు బయల్దేరే రోజున అమ్మ బోసి జడతో బస్సెక్కేది. దర్శనం ముగించుకుని కిందికి దిగాక అలిపిరి దగ్గర ఆమె మొదట కొనేది మూర మల్లెలు. కొత్తగా వచ్చిన యాత్రికులకు ఈ ఆచారం వింతగా ఉంటుంది, కొందరికి కోపం కూడా వస్తుంది. పూలు పెట్టుకునే హక్కు మీద ఈ కట్టడి ఏమిటని నాతో వాదించిన స్నేహితులు ఉన్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేదనను. కానీ తుంచుకోవడం, తురుముకోవడం తప్ప పువ్వుతో వేరే సంబంధం ఎరగని మనం, ఒక్క కొండ మీదైనా చూసి ఊరుకోవడానికి ఒప్పుకున్నామే, అది నాకు గొప్పగా తోస్తుంది.

అక్కడి పూల వెనక అనంతాళ్వార్ ఉన్నాడు. తిరుమలకు వెళ్ళి స్వామికి పుష్పకైంకర్యం చేసేవారెవరని రామానుజాచార్యులు శిష్యులను అడిగితే, కొండ మీది చలికి జంకి అందరూ తలలు దించుకున్నప్పుడు ఈయన ఒక్కడే లేచాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. కొండ మీద తోట వేశాడు. తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన తవ్వుతుంటే గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఒక కుర్రవాడు వచ్చి ఆమె చేతిలోని తట్ట అందుకుంటే, నా కైంకర్యంలో వాటాకు వస్తావా అని కోపంతో గునపం విసిరాడట. అది కుర్రవాడి గడ్డానికి తగిలింది. అక్కడ గర్భగుడిలో స్వామి గడ్డం నుంచి రక్తం కారింది. గాయానికి పచ్చకర్పూరం అద్దారు. స్వామి గడ్డం మీద ఆ తెల్లటి అద్దకం ఇప్పటికీ ఉంది. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూడవచ్చు.

ఈ కథను భక్తికి ఉదాహరణగా చెబుతారు. నేను విన్న ప్రతిసారీ నాకు మరొకటి తడుతుంది. ఒక పూలతోట పుట్టుక గురించి ఇంత కథ చెప్పి, అందులో ఒక్క పువ్వునైనా చూపించరు. గునపం ఉంది, తట్ట ఉంది, మట్టి ఉంది, కోపం ఉంది. తన పని తప్ప ఇంకేదీ కనిపించనివాడి మొండితనం ఉంది. ఎవరు అల్లారో గానీ తోటపని తెలిసినవాళ్ళే అల్లి ఉంటారు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ తోటలో బంతిపువ్వు ఉండే అవకాశమే లేదు. రామానుజుల కాలం పదకొండు, పన్నెండు శతాబ్దాలది. బంతి మెక్సికో వైపు మొక్క. ఐరోపా ఓడలు రాకముందు ఈ దేశం దాని ముఖం చూడలేదు. దండల్లో లిల్లీ పేరుతో గుచ్చే తెల్లటి పువ్వుదీ ఆ ఊరే. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద బంతిపువ్వు గుచ్చుతూ ఇది తరతరాల ఆచారం అనుకుంటాం. తరతరాలదే, కాదనను. కాకపోతే ఆ తరాల లెక్క మనం అనుకున్నంత పొడుగు లేదు. దీని వల్ల బంతి విలువ నా దృష్టిలో పెరిగిందే గానీ తగ్గలేదు. ఎక్కడి నుంచో వచ్చి, ఎవరూ పెద్దగా అడగకుండానే ప్రతి గుమ్మానికీ ఎక్కి కూర్చుంది.

కార్తీక మాసంలో శ్రవణా నక్షత్రం రోజున తిరుమలలో పుష్పయాగం చేస్తారు. ఎప్పుడో ఆగిపోయిన ఈ వేడుకను 1980లో తిరిగి మొదలుపెట్టారు. చామంతి, గన్నేరు, సంపంగి, మొల్ల, మొగలి, తామర, కలువ, వాటితోపాటు తులసి, మరువం, దవనం, బిల్వం. ఆ వరుస చదువుతుంటేనే నోరు పరిమళిస్తుంది. మర్నాడు పత్రికల్లో మాత్రం ఎన్ని టన్నులో వస్తుంది. మల్లెపువ్వును టన్నుల్లో చెప్పిన వార్త చదివితే నాకు లారీ కనిపిస్తుంది, పువ్వు కనిపించదు. నాకు అంతకన్నా పూలబావి మాట నచ్చుతుంది. స్వామికి వాడిన పూలను ఎవరికీ ప్రసాదంగా ఇవ్వకుండా ఆలయంలోనే ఉన్న ఒక బావిలో వేసేవారు. దాని పేరే పూలబావి. 2021 నుంచి టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు తయారు చేస్తున్నారు. మంచి పనే, అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు. అయినా అంత శ్రద్ధగా కట్టిన మాలలను ఏ ప్రయోజనమూ ఆశించకుండా చీకటి బావిలోకి వదిలిన ఆ పాత పద్ధతి మీద నాకు మమకారం పోదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ మాట అంటారని తెలుసు. పూలు అమ్మి బతికేవాళ్ళకు అందం ఎక్కడిది, గిరాకీ తప్ప? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అందుకే ఒకరోజు అడిగేశాను. గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్ళే దారిలో నేను రోజూ పూలు కొనే అక్క ఒకామె ఉంది. ఆమెకూ నాకూ మూర దగ్గర ఎప్పుడూ పేచీ. మోచేతి నుంచి వేలి కొసదాకా మూర. అయితే ఎవరి మోచేయి? "నీ చెయ్యి పొడుగు అన్నా, నేనేం చేసేది?" అంటుంది. కొలిచేటప్పుడు ఆమె వేళ్ళు కాస్త ముడుచుకుంటాయని నా అనుమానం. ఆ సాయంత్రం వాన తుంపరకు గిరాకీ లేదు. గంప మీద తడిగుడ్డ కప్పి కూర్చుంది.

"అక్కా, పొద్దున్నుంచి రాత్రిదాకా పూల మధ్యే ఉంటావు. నీకు ఏ పువ్వంటే ఇష్టం?"

మల్లె అంటుందనుకున్నాను. ఆమె ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"కనకాంబరం అన్నా. తొందరగా వాడదు. నీళ్ళు చల్లి పెడితే రేపటికీ అమ్ముకోవచ్చు."

నాకు కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకుంటున్నాను. వాసన లేని పువ్వు, పైగా కారణం వ్యాపారం. కానీ ఆమె అంతటితో ఆగలేదు. గంపలోంచి ఒక కనకాంబరం తీసి అరచేతిలో పెట్టింది. పొడుగాటి సన్నటి గొట్టం, దాని కొసన ఒకే పక్కకు విసనకర్రలా విచ్చిన రేకు. "చూడు, దీనికి వెనక వైపు ఏమీ ఉండదు, అంతా ముందుకే. అందుకే దండలో వెనకా ముందూ చూసి పెట్టాలి. తెలియనివాళ్ళు కడితే దండ చెదిరినట్టు ఉంటుంది" అంది. నేను నలభై ఏళ్ళుగా చూస్తున్న పువ్వు అది. రేకు ఒకే పక్కకు ఉంటుందన్న సంగతి నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఆమె వేళ్ళకు తెలుసు.

ఇంతవరకూ నా వాదం బాగానే నడిచింది. పువ్వు మీద ఆశ పెట్టుకోనివాడికే పువ్వు కనిపిస్తుందని దాదాపు తేల్చేశాను. పూలక్క దానికి మొదటి బీట పెట్టింది. రెండోది మా చిన్నాయన.

మా ఊరు పూతలపట్టు దగ్గర. పేరులోనే పూత ఉందని చిన్నప్పుడు మురిసిపోయేవాళ్ళం. అసలు అర్థం ఏదైనా కావచ్చు గానీ, జనవరి చివర్లో అటు వెళ్తే ఆ పేరు తప్పనిపించదు. తోతాపురి తోటల మీద, మా వైపు బెంగళూరా అంటారు, ఆకు కనిపించనంత పూత. మా చిన్నాయనకు అయిదెకరాల తోట. పూత కాలంలో ఆయన నిద్ర సరిగా పోడు. మొన్న సంక్రాంతి తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు మంచు విడవకముందే నన్ను లేపి తీసుకెళ్ళాడు. నేను తల పైకెత్తి ఆకాశం కింద ఆ లేత పసుపు రంగును ఫొటో తీస్తున్నాను. ఆయన తల దించుకుని కింది ఆకులను వేలితో తడుముతున్నాడు. ఆకు జిగురుగా ఉంటే తేనెమంచు పురుగు చేరినట్టు. ఆ తర్వాత ఒక పూగుత్తి వంచి, కాడ మీద తెల్లటి పొడి ఉందేమో చూశాడు. ఉంటే బూడిద తెగులు.

"ఇటు రా" అని ఆ గుత్తిని నా కళ్ళ ముందు పెట్టాడు. మామిడిపువ్వును అంత దగ్గర నుంచి నేను ఎప్పుడూ చూడలేదు. అందరమూ పూతను చూస్తాం, పువ్వును చూడం. ఎర్రటి కాడ మీద కందిగింజంత పువ్వులు వందలకొద్దీ. ఒక్కో పువ్వుకు అయిదు రేకులు. రేకు లోపలి వైపు పసుపు గీతలు, ముగ్గుకర్రతో గీసినట్టు. ఈరోజు విచ్చినవాటిలో ఆ గీతలు పసుపుగానే ఉన్నాయి, నిన్నటివాటిలో గులాబీ రంగుకు తిరుగుతున్నాయి. చిన్నాయన గోటితో ఒకటి చూపించాడు. "నడుమ పచ్చటి ఉండ ఉంది చూడు, ఇది పిందె కట్టేది. ఇదిగో, దీంట్లో లేదు. మగపువ్వు." ఒకే గుత్తిలో రెండు రకాలు. లెక్కకు మగపూలే ఎక్కువ. ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడని చెబితే మీరు నమ్మాలి.

పూల మీద తేనెటీగలకన్నా ఈగలు ఎక్కువగా వాలుతున్నాయి. నేను చిరాకుగా చేయి విసరబోతే ఆయన పట్టుకుని ఆపాడు. మామిడికి ఈగలే పెళ్ళి పెద్దలట. పూత పూర్తిగా విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొడితే ఈగ రాదు, ఈగ రాకపోతే పిందె లేదు. అందుకే ఆ నాలుగు రోజులు చేతులు కట్టుకుని ఉండాలి. మంచు పడితే చూడాలి, మబ్బు పడితే చూడాలి. అంతకుమించి చేయగలిగింది లేదు.

ఒక గుత్తిలో వందలు, ఒక్కోసారి వేల పూలు. చివరికి నిలిచేది ఒకటో రెండో కాయలు. చాలా గుత్తులకు అవీ ఉండవు. నేల మీద రాలిన పూత చెప్పులకు అంటుకుంటోంది.

"ఇంత రాలిపోతుంటే బాధగా ఉండదా చిన్నాయనా?"

"అన్నీ నిలిస్తే కొమ్మ ఆగుతుందా?"

ఈయన ఆశ పెట్టుకోనివాడు కాడు. ప్రతి పువ్వు మీదా అప్పు ఉంది, కూతురి చదువు ఉంది, ధర పలుకుతుందో లేదోనన్న దిగులు ఉంది. అయినా పువ్వును నాకన్నా బాగా చూశాడు. కాబట్టి నా వాదాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఆశ ఉండడం వల్ల చూపు మసకబారదు. తన మాట పువ్వు వినదని తెలిసినవాడి ఆశ వేరు. వంగి, కొమ్మ వంచి, ఊపిరి తగలనంత దూరంలో ఆగి చూస్తాడు. మా బావమరిది గులాబీ పిలిస్తే పలుకుతుంది. చిన్నాయన పూత పలకదు.

పలకని పూతలు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఎర్రచందనం అనగానే ఈ జిల్లాలో పసిపిల్లవాడు కూడా దుంగలు, లారీలు, అరెస్టులు అంటాడు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, మన శేషాచలం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దాని పువ్వు ఏ రంగో చెప్పమని మా ఆఫీసులో పదకొండు మందిని అడిగాను. తొమ్మిది మంది ఎరుపన్నారు. ఇద్దరు, దానికి పువ్వు కూడా ఉంటుందా అన్నారు. పసుపు. ఎండాకాలంలో చిన్న చిన్న పసుపు పూల గుత్తులు పూస్తుంది. ఆ తర్వాత గుండ్రటి కాయ, చుట్టూ పలచటి రెక్క. గాలికి గిరగిరా తిరుగుతూ పడుతుంది. చేవలోని ఎరుపుకు పడిన వెల ముందు ఆ పసుపును ఎవరు చూస్తారు?

నన్ను మెచ్చుకుంటారేమోనని చెప్పడం లేదు గానీ, నేనూ ఆ తొమ్మిది మందిలో ఒకడినే, మొన్నమొన్నటిదాకా.

బస్టాపులో సిమెంటు పగులులో మొలిచిన గడ్డిచామంతితో నాకు పరిచయం అయిందీ ఈమధ్యే. పరిచయం అనడం తప్పు, చిన్నప్పుడు బడిలో దాని ఆకులు నలిపి పలకకు రుద్దినవాళ్ళమే. దెబ్బ తగిలితే దాని పసరే మందు. అంతగా వాడుకున్నాం కానీ దాని పువ్వును చూసినట్టు గుర్తు లేదు. బస్సు ఆలస్యమైన ఒక పొద్దున వంగి చూశాను. జానెడు కాడ మీద చొక్కా గుండీ అంత పువ్వు. నడుమ పసుపు. చుట్టూ నాలుగైదు మీగడ రంగు రేకులు, ఒక్కో రేకు కొస కత్తెరతో మూడు పళ్ళుగా కత్తిరించినట్టు ఉంది. పైగా ఆ రేకు రేకు కాదు, అదే ఒక పువ్వు. నడుమ ఉన్న పసుపు ముద్దలో ఒక్కో చుక్కా ఒక పువ్వు. బంతి, చామంతి కుటుంబమంతా అంతే, ఒక పువ్వు అనుకున్నది ఒక ఊరు. పక్కన నిలబడ్డ పెద్దాయన, "ఏమైనా పడిపోయిందా నాయనా?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. పువ్వును చూస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. చిల్లర పడిందన్నాను. పాపం, బస్సు వచ్చేదాకా వెతికాడు.

2021లో కరోనా వచ్చి తగ్గాక అమ్మకు వాసన తెలియడం పోయింది. జ్వరం వారంలో దిగింది, ముక్కు మాత్రం తెరుచుకోలేదు. పోపు మాడినా తెలిసేది కాదు. సాయంత్రం నేను తెచ్చిన మల్లెలను ఒళ్ళో పెట్టుకుని నార తడుపుతూ, "వాసన రావడం లేదు నాయనా" అంది. నేను ఏదో తేలికపరుద్దామని, "నువ్వు ఎలాగూ పూలను వాసన చూడకూడదంటావు కదా" అన్నాను.

చేతులు ఆగాయి.

"ముక్కు దగ్గర పెట్టుకోవద్దన్నాను. దానంతట అది వచ్చే వాసనను వద్దన్నానా? ఇంతసేపు కూర్చుని కట్టేది ఇంకెందుకనుకున్నావు?"

నలభై ఏళ్ళుగా నేను ఒక నిషేధం చుట్టూ కట్టుకున్న వాదమంతా ఆమె ఒళ్ళో మొగ్గల మధ్య పడి ఉంది. ఆమె కట్టడం మాత్రం మానలేదు. మూడు నెలలు, వాసన లేకుండానే, రెండు ఇటు, రెండు అటు.

ఆ తర్వాత ఒక సాయంత్రం నేను పొట్లం చేతికిచ్చాను. ఆకు విప్పకముందే అడిగింది, "మరువం కలిపిందా ఈరోజు?"

కలిపింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. అమ్మ దండ తీసి మోచేతి దగ్గర ఒక కొస పెట్టి, రెండో కొసను వేళ్ళ వైపు లాగింది. రెండు వేళ్ళ మందం తక్కువ వచ్చింది.

"ఎంతకిచ్చింది?"

"నలభై."

"రేపు వెళ్ళి అడుగు."